దిద్దే గొంతు

...పాడగం తర్వాత నీరగం, నీరగం తర్వాత నిలాత్తింగళ్‌తుండం, ఆ తర్వాత ఊరగం, ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి, నీరగం ఊరగం కారగం, ముగ్గురు అన్నదమ్ములు ఒకే ముఖంతో నిలబడి ఉన్నట్టుంటాయి, ఒకణ్ణి పిలిస్తే ఇంకొకడు పలుకుతాడు, నిన్న పాలు రెండోసారి తెచ్చినవాడికి ఇవి మాత్రం గుర్తుంటాయని ఏముంది, కాదు, పాలు వేరు, ఇవి వేరు, పాల సంగతి తర్వాత చూసుకోవచ్చు, ఊరగం, వెక్కా, కారగం, కార్వానం.

దాటాడు. శఠగోపం ఊపిరి వదిలి, చెవి వంటింటి వైపు పెట్టి ఒక్క క్షణం ఆగాడు. వంటింట్లోంచి ఏమీ రాలేదు. తప్పు పోలేదన్నమాట.

ఆ ఇంట్లో నలభై ఒక్క ఏళ్లుగా ఉన్న పద్ధతి అది. పొద్దున్నే స్నానం చేసి, మడి పంచె కట్టుకుని, తిరునామం పెట్టుకుని అతను పెరుమాళ్ళ ముందు కూర్చుంటాడు. నూట ఎనిమిది దివ్యదేశాల, అంటే విష్ణు క్షేత్రాల, పేర్లూ తండ్రి నేర్పిన వరుసలో, పుస్తకం లేకుండా చెబుతాడు. అదే సమయానికి పక్క వంటింట్లో భార్య సుందరవల్లి తానూ మడితో నైవేద్యానికి తళిగ వండుతూ ఉంటుంది. ఆరాధన ముగిసేదాకా ఇద్దరూ లోకం మాట ఒక్కటీ మాట్లాడకూడదు. కానీ అతను ఒక పేరు దాటేస్తే ఆమె గరిటెతో గిన్నె అంచు మీద ఒక్కసారి కొట్టి, ఆ పేరు చెప్పేది. "ఊరగం." అంతే. ఐదో తరగతితో బడి మానేసిన ఆమెకు ఆ వరుస ఎక్కడ పట్టుబడిందో అతను అడగలేదు. పుట్టింట్లో వాళ్ల నాన్న పారాయణ వింటూ పెరిగింది కాబోలు. దేవస్థానం ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు ఫైళ్లు చూసిన తనకంటే ఆమెకే బాగా వచ్చు. కొత్తగా పెళ్లైన రోజుల్లో ఆ గరిటె చప్పుడుకు అతనికి కోపం వచ్చేది. తర్వాత అలవాటైంది. ఆ తర్వాత ఆ చప్పుడు ఉందనే ధైర్యంతోనే చెప్పేవాడు.

మూడేళ్లుగా ఆమె ఒక్కసారి కూడా దిద్దలేదు.

ఆ పేర్లు తప్పు లేకుండా చెప్పడం అతను తనకు తాను పెట్టుకున్న పరీక్ష. ఎందుకు పెట్టుకున్నాడో అతనికి బాగా తెలుసు, తన మనసు చేసే పనులు తనకు తెలియకుండా జరగవని అతని నమ్మకం. తండ్రికి అరవై ఎనిమిదో ఏట మతి తప్పడం మొదలైంది. తనకిప్పుడు అరవై ఏడు. తండ్రి ఒకరోజు ఎవరికీ చెప్పకుండా తిరుపతిలో చిత్తూరు బస్సెక్కి, పూతలపట్టు అడ్డరోడ్డులో దిగి, సాయంకాలం దాకా వచ్చిన ప్రతి బస్సునూ తిరుపతి పోతుందా అని అడుగుతూ నిలబడ్డాడు. పోతుందని చెబితే ఎక్కలేదు. మళ్ళీ వెనక్కి వచ్చి వచ్చే బస్సు కోసం చూశాడు. శఠగోపం వెళ్లి చెయ్యి పట్టుకుంటే, "నీవెవరప్పా, తిరుపతి బస్సేనా ఇది?" అని అతన్నే అడిగాడు. ఆ తర్వాత ఆరేళ్లు బతికాడు. ఆ ఆరేళ్లలో చివరి మూడేళ్ల గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడరు.

ఆ మాట అడిగిన ముఖం ఇప్పుడు గడ్డం చేసుకునేటప్పుడు అద్దంలో అప్పుడప్పుడు కనబడుతోంది.

ఆరాధన ముగించి అతను బీరువా తెరిచి పాత డైరీ తీశాడు. పాత సంవత్సరానిది, తారీకులు కొట్టేసి వాడుకుంటున్నాడు. అందులో తన మతిమరపులన్నీ రాసిపెడుతున్నాడు. నాలుగు నెలల్లో పదకొండు పేజీలు నిండాయి.

పాలు రెండోసారి తెచ్చాను. ఫ్రిజ్‌లో నాలుగు పాకెట్లున్నాయి, మొదటి రెండూ ఎప్పుడు తెచ్చానో గుర్తు లేదు. గ్యాస్ ఆపలేదు, పొద్దున కాఫీ పెట్టుకున్నది నేనేనా? వీధి తలుపు గడియ వెయ్యలేదు. బీపీ మాత్రలు నెలకు వారం ముందే అయిపోయాయి, రెండుసార్లు మింగుతున్నట్టున్నాను. పులుసులో ఉప్పు ఎక్కువై నోట పెట్టలేకపోయాను, సుందర ఏమీ అనకుండా తినింది, నా నాలుక కూడా పోతోందా?

చదువుతుంటే అతనికి ఒక విషయం అంతుబట్టలేదు. పేర్లు నూట ఎనిమిదీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. పాలు, గ్యాసు, గడియ మాత్రం జారిపోతున్నాయి. బుద్ధి పైపొరల నుంచి లోపలికి ఊడుతుందేమో. నిన్నటిది ముందు పోయి, చిన్నప్పటిది చివరికి పోతుందేమో. దీని గురించి గంటలు గంటలు ఆలోచించేవాడు. వరండాలో కుర్చీలో కూర్చుని తన మనసును తానే కాపలా కాసేవాడు. ఒక మాట నోటికి రావడం ఆలస్యమైతే ఎంత ఆలస్యమైందో చూసుకునేవాడు. అందులో ఒక రకమైన గర్వం కూడా ఉందని అతనికి తెలుసు. అందరూ తెలియకుండా మునిగిపోతారు, తాను మాత్రం నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చూసుకుంటూ మునుగుతాడు.

కొడుకు మాధవ్ గూడూరు రైల్వేలో పని చేస్తాడు. నాలుగు నెలల కిందట బలవంతం చేసి నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది అతనే. చిన్న వయసు డాక్టరమ్మ. గడియారం బొమ్మ గీయమంది, ఐదు మాటలు చెప్పి కాసేపటికి తిరిగి అడిగింది, వందలోంచి ఏడేసి తీసుకుంటూ పొమ్మంది. ఆమె మాట వినిపించనప్పుడల్లా మాధవ్ కాగితం మీద రాసి చూపించాడు. ముప్పైకి ఇరవై ఎనిమిది వచ్చాయి. మెదడు బాగానే ఉంది, చెవులే పోయాయి అని ఆమె తేల్చింది. చెవి మూసుకుంటే మెదడుకు పని తగ్గుతుందట, వినపడని మనిషి మెల్లగా మనుషుల్లోంచి తప్పుకుంటాడట, ఆ ఒంటరితనం మెదడును తినేస్తుందట. వస్తుందని చెప్పలేం, రాదనీ చెప్పలేం, మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి, వాటినైనా చూసుకోవాలి అంది. ఒక అచ్చు కాగితం ఇచ్చింది. దాని మీద వరుసగా ఉన్నాయి: బీపీ, షుగరు, పొగ, మందు, వినికిడి, చూపు, తలకు దెబ్బ, దిగులు, కదలకుండా ఉండటం, మనుషులతో మాటామంతీ లేకపోవడం, చిన్నప్పుడు చదువు లేకపోవడం.

శఠగోపం ఆ కాగితాన్ని బీరువా తలుపుకు లోపలి వైపు అంటించాడు. పెన్సిలుతో గుర్తులు పెట్టుకున్నాడు. బీపీ ఉంది, మాత్ర వేసుకుంటున్నాడు. షుగరు లేదు. నశ్యం మానేశాడు. చదువుకు కొదవలేదు, బీకాం. పొద్దున అరగంట నడక మొదలుపెట్టాడు. వినికిడి దగ్గరా, మనుషుల దగ్గరా ఏ గుర్తూ పెట్టలేదు.

ఆరోజు డాక్టరు దగ్గరికి సుందరవల్లి కూడా వచ్చింది. గుడ్డసంచీ, నీళ్ల సీసా ఒళ్లో పెట్టుకుని బయట బెంచీ మీద రెండు గంటలు కూర్చుంది. ఆమెను లోపలికి ఎవరూ పిలవలేదు. పిలవాలని ఎవరికీ తోచలేదు.

చెవి మెషిను మాధవ్ ఆ వారమే కొన్నాడు. రెండూ చిక్కుడు గింజలంత ఉన్నాయి. శఠగోపం ఒక రోజు పెట్టుకుని తీసేశాడు. పెట్టెలో పెట్టి బీరువాలో పైఅరలో పెట్టాడు. అడిగితే మడి అన్నాడు. స్నానం చేశాక దాన్ని ముట్టుకుంటే మడి పోతుంది, ముందే పెట్టుకుని స్నానం చేస్తే మెషిను పోతుంది. ఇందులో వాదించడానికేమీ లేదు అనుకున్నాడు. మడి అడ్డం కాని వేళల్లో ఎందుకు పెట్టుకోలేదో అతను తనను తాను అడగలేదు. అడిగి ఉంటే సమాధానం తెలుసు. వినిపిస్తే, ఏం వినాల్సి వస్తుందోనని.

సాయంకాలం గోవిందరాజస్వామి గుడి దగ్గర పెద్దవాళ్ళు కూర్చునే చోటికి పోవడం మానేసి రెండేళ్లైంది. వాళ్లు నవ్వినప్పుడు తాను నవ్వేవాడు, ఎందుకో తెలియకుండా. ఎవరేం చెప్పినా తల ఊపడం అలవాటైంది. ఇంట్లో టీవీ గోడలు అదిరేలా పెట్టుకునేవాడు. పక్కింటి రుక్మిణమ్మ మునుపు రోజూ సాయంకాలం వచ్చి సుందరవల్లితో కూర్చుని, పూలు కట్టుకుంటూ లోకమంతా మాట్లాడేది. ఆ మోతలో ఒకరి మాట ఒకరికి వినిపించక, అరిచి అరిచి అలసిపోయి, రావడం తగ్గించి, మానేసింది. సుందరవల్లి కూడా అతనితో ఏదైనా చెప్పాలంటే మూడుసార్లు చెప్పాలి. మెల్లగా ఆమె కూడా మాట తగ్గించిందని అతను అనుకున్నాడు. నిశ్శబ్దంగా ఉంటోంది, మంచిదే, వయసు అనుకున్నాడు.

పోయిన ఆదివారం మాధవ్ వచ్చాడు. బీరువాలో పెట్టె చూశాడు. తండ్రి ఎదురుగా కూర్చుని, పెదవులు కనబడేలా, గట్టిగా అన్నాడు.

"నాయనా, ఇది బీరువాలో పెట్టి పూజ చేసేదానికి కొనలేదు."

"మడికి పనికిరాదురా."

"కళ్ళజోడు పెట్టుకోనే కదా ఆరాధన చేస్తా ఉండారు? అదేమన్నా తలస్నానం చేసొచ్చినాదా?"

సుందరవల్లి నవ్వింది. చాలా రోజుల తర్వాత అంత నవ్వడం అతను చూశాడు. నవ్వుతూనే కొడుకును ఏదో అడిగింది. కాసేపటికి మళ్ళీ ఏదో అడిగింది. మాధవ్ ముఖంలో నవ్వు ఆగిపోయింది. చాలాసేపు తల్లి ముఖంలోకి చూశాడు. ఆ చూపు తన గురించేనని, తల్లి తన మతిమరపుల సంగతి చెప్పి ఉంటుందని శఠగోపం అనుకుని తల దించుకున్నాడు. ఆటో ఎక్కేముందు మాధవ్ తండ్రి చెయ్యి పట్టుకుని ఏదో చెప్పాడు, రెండు మూడు నిమిషాలు చెప్పాడు. వీధిలో బండ్ల మోత. శఠగోపం తల ఊపాడు.

కానీ కళ్ళజోడు మాట మాత్రం ముల్లులా ఉండిపోయింది. దానికి సమాధానం వెతుకుతూ మూడు రోజులు గడిపాడు. దొరకలేదు.

బుధవారం పొద్దున పాల బూత్ నడిపే నిర్మలమ్మ అతనికి పాకెట్టు ఇస్తూ ఏదో చెప్పింది. రెండు వేళ్లు చూపించింది. వాళ్ల వీధి వైపు చెయ్యి చూపించింది. అతను నవ్వి, తల ఊపి, పాకెట్టు తీసుకుని వచ్చాడు. ఇంటికి రాగానే గుమ్మంలోనే సుందరవల్లి చేతికిచ్చాడు. స్నానం చేసి మడి పంచె కట్టుకున్నాడు. బీరువా ముందు నిలబడ్డాడు.

తలుపుకు ఆ కాగితం ఉంది. గుర్తులేని చోట్లు రెండూ తెల్లగా ఉన్నాయి. ఇంక ఆలస్యం చేస్తే తండ్రి నిలబడిన అడ్డరోడ్డులో తానూ నిలబడాలి. పై అరలోంచి పెట్టె తీశాడు. ఆ గింజలను నీళ్లలో తడపకూడదు. తులసి దళం ఒకటి తీర్థంలో ముంచి, బాగా విదిలించి, దాన్ని రెండింటికీ తాకించి, పొడిగుడ్డతో తుడిచి చెవుల్లో పెట్టుకున్నాడు. పెరుమాళ్ళు ఏమీ అనలేదు. ఎదురుగా నూనె దీపం వత్తి చిటపటలాడింది. దీపం చప్పుడు చేస్తుందని అతను మరిచిపోయాడు.

కూర్చున్నాడు. పేర్లు మొదలుపెట్టాడు. తన గొంతు తనకే పరాయిగా, రేకుడబ్బాలోంచి వచ్చినట్టు వినిపించింది. చోళనాడు క్షేత్రాలు నలభై అయిపోయాయి. వంటింట్లో గిన్నె కడిగిన చప్పుడు, గాజుల చప్పుడు, పోపు చిటపట, అన్నీ వస్తున్నాయి. అతనికి లోపల సంతోషం కలిగింది, దాన్ని అణచుకున్నాడు. కంచి పేర్ల దగ్గరికి చేరుకున్నాక ఒక పని చేయాలని నిన్ననే అనుకున్నాడు. కావాలనే ఒక పేరు వదిలేస్తాడు. గరిటె చప్పుడు వింటాడు. మూడేళ్లుగా తనకు తప్పులు పోలేదా, లేక పోయినా ఆ చప్పుడు వినబడలేదా, ఈరోజు తేలిపోతుంది.

పాడగం, నీరగం, నిలాత్తింగళ్‌తుండం. ఊరగం వదిలేశాడు. వెక్కా.

ఆగాడు.

గరిటె చప్పుడు రాలేదు. పేరు రాలేదు. పోపు మాడుతున్న వాసన వచ్చింది. తర్వాత సుందరవల్లి గొంతు వచ్చింది. సన్నగా, సమాధానం వస్తుందనే ఆశ ఏమీ లేని గొంతు.

"ఏమండీ, పాలు తెచ్చినారా?"

అతనికి మొదట కలిగింది కోపం. ఆరాధన మధ్యలో పాల మాట. నలభై ఒక్క ఏళ్లలో ఆమె ఒక్కసారి కూడా ఈ తప్పు చేయలేదు. పైగా పాలు ఆమె చేతికే ఇచ్చాడు, ఇచ్చి ముప్పావు గంట కాలేదు. తనకు గుర్తుంది, ఆమె పాకెట్టును కొంగుతో తుడిచింది కూడా. గుర్తుంది కదా? గుర్తుంది. కారగం.

"ఏమండీ, పాలు తెచ్చినారా?"

అదే గొంతు. అదే మాట, అదే చోట తగ్గి, అదే చోట లేచి. మొదటిసారి అడుగుతున్నట్టే.

కార్వానం అనబోయి అనలేకపోయాడు. ఇప్పుడు అతని మనసు, ఎప్పుడూ తనను మాత్రమే చూసుకున్న మనసు, మొదటిసారి వంటింటి వైపు తిరిగింది. తిరగ్గానే డైరీలోని పదకొండు పేజీలూ ఒక్కొక్కటిగా చేతులు మారాయి. నిర్మలమ్మ చూపించిన రెండు వేళ్లు. అమ్మగారు ఇందాకనే రెండు పాకెట్లు తీసుకోని పోయినారు సామీ అని చెప్పి ఉంటుంది. ఫ్రిజ్‌లో నాలుగు పాకెట్లు. గ్యాసు తాను వెలిగించలేదు, ఎప్పుడో తప్ప వెలిగించడు, కాఫీ ఆమే పెడుతుంది. ఇద్దరికీ ఒకే మాత్ర, ఒకే డబ్బా. వారం ముందే అయిపోయింది తన నోట్లోకి పోయి కాదు. పులుసు ఉప్పు తన నాలుకది కాదు. ఏ ఒక్కదాన్లోనూ తాను చేసినట్టు తనకు గుర్తు లేకపోవడమే మతిమరపుకు రుజువనుకున్నాడు. అసలు గుర్తు లేనిదే తాను చెయ్యలేదు గనక.

బీరువా తలుపు ఇక్కడి నుంచి కనబడదు. అయినా ఆ కాగితం వరుస అతనికి వచ్చు, అన్ని వరుసలూ అతనికి వచ్చు. చిన్నప్పటి చదువు, ఐదో తరగతి. బీపీ, ఏకాదశి ఏకాదశికీ ఉపవాసమని మాత్ర మానేసేది, తానూ సరేననేవాడు. తలకు దెబ్బ, రెండేళ్ల కిందట బాత్రూములో జారి తొట్టి అంచుకు కొట్టుకుంది, పసుపు అద్ది ఊరుకున్నారు. కదలకుండా ఉండటం, ఈ వంటిల్లు, ఆ వరండా. మాటామంతీ లేకపోవడం. అక్కడ అతని ఆలోచన ఆగింది. ఆ ఒక్కదానికి మాత్రం వయసూ, తలరాతా అడ్డం రాలేదు. ఆమె మాటకు మూసుకుపోయినవి తన చెవులు. ఎన్నాళ్ల నుంచి అడుగుతోందో. ఎన్ని పొద్దుల్లో, ఎన్నిసార్లు, ఈ గోడకు అటువైపు నుంచి. తాను దాన్ని నిశ్శబ్దం అనుకున్నాడు. తన బుద్ధికి వచ్చిన మార్కులనుకున్నాడు.

ఆటో దగ్గర మాధవ్ చెప్పింది ఏమిటో ఇప్పుడు తెలిసింది. దానికి తాను తల ఊపాడు.

"ఏమండీ, పాలు తెచ్చినారా?"

పెరుమాళ్ళ ముందు దీపం నిలకడగా వెలుగుతోంది. వరుస మధ్యలో ఆపకూడదు, ఆపితే మొదటి నుంచి చెప్పాలి, తండ్రి అలాగే నేర్పాడు. శఠగోపం వంటింటి వైపు తల తిప్పి అన్నాడు.

"తెచ్చినాను."

వంటింట్లో చప్పుళ్ళన్నీ ఆగిపోయాయి. కాసేపటికి సుందరవల్లి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. తడి ఆరని జుట్టు ముడి, మడి చీర, చేతిలో గరిటె. అతని ముఖంలోకి, చెవుల్లోకి చూసింది.

"వినిపించినాదా మీకు?"

"వినిపించినాది."

ఆమె నవ్వింది. ఏదో పోగొట్టుకున్న వస్తువు దొరికినట్టు తల ఊపి లోపలికి వెళ్లింది. స్టవ్ మీద మాడింది తీసిన చప్పుడు, కొళాయి తిప్పిన చప్పుడు. శఠగోపం మొదటి నుంచి మొదలుపెట్టాడు. శ్రీరంగం, ఉరైయూర్. మూడో పేరు నోటికి రాకముందే గోడ అవతలి నుంచి ఆమె గొంతు వచ్చింది.

"ఏమండీ, పాలు తెచ్చినారా?"

అతను వేలితో కుడిచెవి మెషిను మీదున్న చిన్న బొత్తాన్ని ఒకసారి నొక్కి ఆమె గొంతు పెంచుకున్నాడు. ఇప్పుడే మొదటిసారి అడిగినట్టుగా చెప్పాడు.

"తెచ్చినాను సుందరా."